వాము నూనెతో వార్డు తుడవొచ్చా?

(కర్నూలులో నర్సింగ్ విద్యార్థులు, ఆసుపత్రి సిబ్బంది కలిసిన సమావేశంలో ఒక మైక్రోబయాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకి, సిస్టర్లకి, ముందు వరసల్లో కూర్చున్న పిల్లలకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఆయమ్మలకి కూడా. అమ్మా, మీరు నిలబడొద్దు. ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ముందుకొచ్చి కూర్చోండి. ఈరోజు నేను చెప్పేదాంట్లో సగం మీ చేతిలో ఉండే బకెట్ గురించే.

మొక్కల నుంచి తీసే సుగంధ తైలాలకి బ్యాక్టీరియాని చంపే శక్తి ఎంత, ఆసుపత్రి శుద్ధికి అవి పనికొస్తాయా అన్నది నాకిచ్చిన విషయం. దీన్ని నేను మన ఊరి ప్రశ్నగా మార్చుకున్నాను: వాము నూనెతో వార్డు తుడవొచ్చా? వామే ఎందుకంటే, అది మన నల్లరేగడి పంట. కర్నూలు మార్కెట్ యార్డులో వాము రాసుల పక్కనుంచి నడిచినవాళ్లకి ఆ ఘాటు ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఇంకో కారణం కూడా ఉంది. ఆసుపత్రి శుద్ధి అనే మాట వచ్చేసరికి, ఇన్ని రకాల సుగంధ తైలాల్లో నిజంగా గట్టి ఆధారం ఉన్నవి కొన్నే. వాటిలో ముందు వరసలో నిలిచేది వాము నూనెలోని థైమాల్ అనే పదార్థం.

జవాబు ముందే చెప్పేస్తాను, మీరు చివరిదాకా ఎదురు చూడక్కర్లేదు. కొన్ని చోట్ల తుడవొచ్చు. కొన్ని చోట్ల అస్సలు కూడదు. తుడవొచ్చు అనుకున్న చోట కూడా, బ్లీచింగ్‌కి పెట్టిన పరీక్షే దానికీ పెట్టి, అందులో నెగ్గాక మాత్రమే. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. వేప నూనె, నువ్వుల నూనె, ఆముదం గానుగలో పిండితే వచ్చే నూనెలు. బట్ట మీద చుక్క పడితే మరక అలాగే ఉండిపోతుంది. సుగంధ తైలాలు అలాంటివి కావు. ఆకునో గింజనో బెరడునో ఆవిరిలో ఉడికించి, ఆ ఆవిరిని చల్లార్చి, నీటి నుంచి విడిపోయిన నూనెని తీస్తారు. అది గాలిలో ఆరిపోతుంది. నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ ఉంటుంది, లవంగ నూనెలో యూజెనాల్, దాల్చిన చెక్క నూనెలో సినమాల్డిహైడ్, జామాయిల్ నూనెలో సినియోల్. వాము గింజల్లో నూనె 2 నుంచి 4 శాతం ఉంటుంది. ఆ నూనెలో థైమాల్ సుమారు 35 నుంచి 60 శాతం. చేను మారితే, కోత మారితే, నూనె తీసినవాడి పనితనం మారితే ఈ అంకె మారుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇదిగో, ఈ గాజు సీసాలో ఉన్నవి చూడండి. ఆయుర్వేద కొట్లలో వాము పువ్వు అని అమ్మే తెల్లని పలుకులు. ఇదే థైమాల్. ఇది పుదీనా పువ్వు, అంటే మెంథాల్. ఇది కర్పూరం. మూడూ గట్టి పదార్థాలే. మూడూ సమంగా ఈ చిన్న సీసాలో వేసి మూత పెట్టి ఊపుతున్నాను. ముందు వరసలో పాప, నువ్వు పట్టుకో తల్లీ, ఊపుతూ పక్కవాళ్లకి ఇవ్వు. కాసేపటికి మూడూ కరిగి నీళ్లలా అయిపోతాయి. మన ఇళ్లలో అమృతధార అని దాచుకునేది ఇదే. ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, అంతకుమించి మాయ లేదు. చేతికి అంటించుకోకు, మండుతుంది.

థైమాల్‌కి పాత చరిత్రే ఉంది. 1719లో కాస్పర్ న్యూమన్ అనే జర్మన్ రసాయనవేత్త దీన్ని విడిగా తీశాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము ఓడలెక్కి జర్మనీ వెళ్లేది, అక్కడ థైమాల్ తీసేవాళ్లు. యుద్ధం వచ్చి ఆ దారి మూసుకుపోయాకే ఇక్కడ తీయడం ఊపందుకుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో కొంకి పురుగుల రోగానికి లక్షలమందికి మింగించిన మందు థైమాలే. నోరు పుక్కిలించే మందుల్లో ఇప్పటికీ ఉంది. అయితే ఈరోజు ప్రపంచంలో వాడే థైమాల్‌లో చాలా భాగం చేను నుంచి రావడం లేదు, కర్మాగారంలో మెటా క్రెసాల్ నుంచి తయారవుతోంది. అణువు ఒక్కటే. బ్యాక్టీరియాకి ఆ తేడా తెలియదు. రైతుకి మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. బ్యాక్టీరియా చుట్టూ పలచటి కొవ్వు పొర ఉంటుంది. లోపలి పొటాషియం లోపలే ఉండాలన్నా, అది శక్తి తయారు చేసుకోవాలన్నా ఆ పొర చెక్కుచెదరకుండా ఉండాలి. చేతికి తారు అంటుకుంటే నీళ్లతో ఎంత కడిగినా పోదు, కాస్త కొబ్బరినూనె రుద్దితే వదులుతుంది కదా. థైమాల్ కూడా అంతే, నీటిని వదిలి కొవ్వులోకి దూరుతుంది. దూరాక ఆ పొర వదులైపోతుంది. ముందు పొటాషియం కారిపోతుంది, తర్వాత శక్తినిచ్చే ఏటీపీ కారిపోతుంది. ఒక ఎంజైమ్‌నో ఒక ప్రోటీన్‌నో గురిపెట్టి కొట్టే యాంటీబయాటిక్ లాంటి దెబ్బ కాదిది. మొత్తం పొర మీద పడే దెబ్బ. అందుకే యాంటీబయాటిక్‌లకి లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్, మనం ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ అంటామే, అది కూడా థైమాల్‌కి మామూలు స్టెఫ్ లాగానే లొంగుతుంది. ఈ ఒక్క మాట విని చాలామంది ఉత్సాహపడిపోతారు. ఉత్సాహపడాల్సిందే. అయితే దాని వెనకే ఇంకో మాట ఉంది.

గ్రామ్ నెగటివ్ అనే రకం బ్యాక్టీరియాకి ఆ కొవ్వు పొర బయట ఇంకో పొర ఉంటుంది. దాని బయటి వైపు నీటికి స్నేహితం, నూనెకి శత్రువు. అందుకే క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్, ఈ.కోలై మీద నూనెలు కాస్త నెమ్మదిగా పనిచేస్తాయి. సూడోమోనాస్ దగ్గరికి వచ్చేసరికి చాలా నూనెలు చేతులెత్తేస్తాయి. దానికి ఆ బయటి పొరతో పాటు, లోపలికొచ్చిన నూనెని వచ్చినట్టే బయటికి తోసే పంపులు కూడా ఉన్నాయి. టీ ట్రీ నూనె ఉంది చూడండి, ఆస్ట్రేలియా చెట్టుది. 1920లలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ దాన్ని పరీక్షించి, ఫినాల్ అని కూడా పిలిచే పాత క్రిమిసంహారి కార్బాలిక్ ఆసిడ్ కన్నా సుమారు పదకొండు రెట్లు శక్తిమంతం అని చెప్పినప్పటి నుంచి దానికి పేరు. స్టెఫ్‌ని చాలాసార్లు అర శాతం దరిదాపులోనే ఆపుతుంది. అదే నూనె సూడోమోనాస్‌ని ఆపడానికి చాలాసార్లు అంతకు ఎన్నో రెట్లు కావాలి. కాలిన గాయాల వార్డులో, వెంటిలేటర్ గొట్టాల్లో, సింకు తూముల్లో కాపురముండేది ఆ సూడోమోనాసే. బీజకణాలు, అంటే కొన్ని బ్యాక్టీరియా గట్టి పెంకులో నిద్రపోయే రూపం, వాటి సంగతి చెప్పనే అక్కర్లేదు. క్లోస్ట్రిడియం బీజకణాలని ఏ సుగంధ తైలమూ నమ్మకంగా చంపలేదు. వైద్యం కోసం వచ్చిన మనిషికి ఆ బీజకణాలే ప్రమాదం.

ప్రాజెక్టులు చేసే పిల్లలతో ఇప్పుడు కాసేపు మాట్లాడాలి. మీరు చేసే ప్రయోగం నాకు తెలుసు. బ్యాక్టీరియాని పెంచే జిగురు, ముల్లర్ హింటన్ అగార్, పోసిన పళ్లెం మీద బ్యాక్టీరియాని దూదిపుల్లతో పరుస్తారు. ఆరు మిల్లీమీటర్ల కాగితపు బిళ్లకి నూనె చుక్క పెట్టి మధ్యలో ఉంచుతారు. ఇంక్యుబేటర్‌లో రాత్రంతా పెట్టి, పొద్దున తలుపు తీయగానే వాము వాసన గుప్పున కొడుతుంది. బిళ్ల చుట్టూ తేటగా వలయం. స్కేలు పెట్టి కొలుస్తారు, ఇరవై అయిదు మిల్లీమీటర్లు అని రాస్తారు. పక్కన యాంటీబయాటిక్ బిళ్ల చుట్టూ ఇరవయ్యే వచ్చింది. ఇంకేం, వాము యాంటీబయాటిక్‌ని ఓడించిందని రిపోర్టులో రాసేస్తారు.

ఆ పళ్లేన్నే ఇంకోసారి దగ్గరగా చూడండి. ఆ బిళ్లలో యాంటీబయాటిక్ పది మైక్రోగ్రాములు. నూనె బిళ్లలో పది మైక్రోలీటర్ల అచ్చమైన నూనె, అంటే బరువులో వెయ్యి రెట్ల దరిదాపు. ఆ రెండు వలయాలని పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు. నూనె అగార్‌లోకి సరిగా పాకదు, ఎందుకంటే అగార్‌లో ఉన్నదంతా నీరే. అది ఆవిరై మూతకి తగిలి పళ్లెమంతా కమ్ముతుంది. ఒక్కోసారి పక్కన పెట్టిన పళ్లెంలో కూడా పెరుగుదల పలచబడుతుంది, అది గమనించినవాళ్లు చెయ్యెత్తండి. ఇద్దరు, ముగ్గురు. మంచిది. ఇంకా, వలయంలో బ్యాక్టీరియా చచ్చిందా, పెరగకుండా ఆగిందా అన్నది ఆ పళ్లెం చెప్పదు. అక్కడ నూనె పద్దెనిమిది గంటలు పనిచేసింది. వార్డు నేల మీద దానికి దొరికేది కొన్ని నిమిషాలే. అచ్చమైన నూనెతో వార్డు తుడిచే ఆసుపత్రి ఈ భూమ్మీద లేదు. కాబట్టి వలయం కొలవడం మొదటి మెట్టు. దాని మీద నిలబడి ఆసుపత్రి శుద్ధి గురించి తీర్పు చెప్పకూడదు. ఆ పని చేసిన థీసిస్‌లు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. సంతకం పెట్టే ముందు ప్రతి పిల్లనీ పిల్లాణ్నీ కూర్చోబెట్టి ఇదే చెబుతాను.

మరి ఆసుపత్రి పరీక్ష ఎలా ఉండాలి? లెక్క తేలాలి. క్రిమిసంహారి అని చెప్పుకోవాలంటే యూరోపియన్ ప్రమాణాల్లో ద్రవంలో ఉన్న బ్యాక్టీరియాని లక్షలో ఒకటికి తగ్గించాలి. స్టీలు బిళ్ల మీద ఆరబెట్టిన బ్యాక్టీరియాని పదివేలలో ఒకటికి తగ్గించాలి. సీసాల మీద 99.9 శాతం అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. అంటే వెయ్యిలో ఒకటి మిగిలినట్టు. మంచం పట్టె మీద కోటి ఉంటే పదివేలు మిగిలినట్టు. ఎసినెటోబాక్టర్ పొడి ఉపరితలం మీద మూడు రోజుల నుంచి అయిదు నెలల దాకా బతుకుతుంది. స్టెఫ్ ఏడు రోజుల నుంచి ఏడు నెలల దాకా బతుకుతుంది. మిగిలిన ఆ పదివేలు రేపు పొద్దున డ్రెస్సింగ్ ట్రాలీ తోసే చేతికి అంటుకుంటాయి.

పరీక్షలో ఇంకో షరతు ఉంది. మురికి ఉన్నప్పుడు కూడా పనిచేయాలి. రక్తం, చీము, వాంతి, వీటిలో ప్రోటీనూ కొవ్వూ నిండా ఉంటాయి. థైమాల్‌కి కొవ్వంటే ఇష్టం అని చెప్పాను కదా, బ్యాక్టీరియా కొవ్వు దాకా పోకుండా ఈ కొవ్వులోనే ఇరుక్కుంటుంది. క్లోరిన్‌కీ ఇదే జబ్బు, రక్తం తగిలితే ఖర్చయిపోతుంది. అందుకే ముందు సబ్బునీళ్లతో శుభ్రం చేసి, తర్వాత మందు పెట్టండి అని నెత్తీ నోరూ కొట్టుకుంటాం.

ఇక తడి. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. ఏ మందుకైనా తడిగా ఉండాల్సిన వ్యవధి ఒకటి ఉంటుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ థైమాల్ ద్రావణాలని ఆసుపత్రి ఉపరితలాల శుద్ధికి నమోదు చేసింది. 2020లో కోవిడ్ వైరస్ మీద వాడదగ్గవాటి జాబితాలో కూడా అవి ఉన్నాయి. 0.05 శాతం, 0.2 శాతం దరిదాపు థైమాల్ ఉన్న ద్రావణాలవి. అంత తక్కువతోనే పని అవుతుంది, అందులో సందేహం లేదు. కానీ వాటిలో చాలావాటి లేబుల్ మీద పది నిమిషాలు తడిగా ఉంచాలి అని రాసి ఉంటుంది. ఇప్పుడు మే నెలలో మన ఊరిని తలుచుకోండి. బయట నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు. వార్డులో ఫ్యాన్లు గిరగిరా తిరుగుతుంటాయి. పిండేసిన మాపుతో తుడిస్తే నేల మూడు, నాలుగు నిమిషాల్లో పొడి. ఎయిర్ కండిషన్ గదిలో పాసైన మందు ఇక్కడ ఫెయిలవుతుంది. ఆ ఫెయిల్ కంటికి కనబడదు, వాసన మాత్రం ఘుమఘుమలాడుతూనే ఉంటుంది. కాబట్టి మన దగ్గర పరీక్ష మన ఎండలో, మన ఫ్యాన్ కింద, మన బండల మీద జరగాలి.

వాసన మాట వచ్చింది కాబట్టి ఫినాయిల్ గురించి చెప్పాలి. ఆసుపత్రి శుద్ధిలో సుగంధ తైలం అనేది కొత్త ఊహ అనుకుంటాం గానీ, దాన్ని మనం రోజూ వాడుతూనే ఉన్నాం. తెల్ల ఫినాయిల్‌లో ఉండేది పైన్ నూనె. సరళ జాతి చెట్టుది. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడేది ఆ నూనె సన్నటి బిందువులుగా విడిపోవడం వల్లే. డెట్టాల్ తెల్లబడడానికీ అందులోని పైన్ నూనె ఒక కారణం. ఫినాయిల్ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఆర్.డబ్ల్యు.సి. అని ఒక అంకె ఉంటుంది. రిడియల్, వాకర్ అనే ఇద్దరు 1903లో పెట్టిన పరీక్ష అది. కార్బాలిక్ ఆసిడ్‌తో పోలిస్తే ఈ మందు ఎన్ని రెట్లు అని కొలుస్తుంది. ఆ పరీక్షలో వాడే క్రిమి టైఫాయిడ్‌ది. పైన్ నూనె టైఫాయిడ్ క్రిమి మీద బాగానే పనిచేస్తుంది కాబట్టి అంకె పెద్దది వస్తుంది. అదే పైన్ నూనె స్టెఫ్ ఆరియస్ మీద బలహీనం. ఆపరేషన్ గాయాల్లో మనల్ని ఏడిపించేది టైఫాయిడ్ క్రిమి కాదు, స్టెఫ్. డబ్బా మీది అంకె అబద్ధం కాదు. మనం అడగాల్సిన ప్రశ్నకి అది జవాబు కాదు, అంతే.

ఇప్పుడు బకెట్ దగ్గరికి రండి. నేను చూసిన ఒక వార్డులో, ఆ ఆసుపత్రి పేరు చెప్పను, పొద్దున తొమ్మిదికి ఒక బకెట్‌లో నీళ్లు, ఒక మూత ఫినాయిల్. అదే బకెట్‌లో గుప్పెడు బ్లీచింగ్ కూడా వేశారు, రెండూ కలిస్తే బలం ఎక్కువని. ఆ బకెట్‌తో ముప్పై మంచాల వార్డు మొదటి నుంచి చివరిదాకా తుడిచారు. సగం అయ్యేసరికి నీళ్లు మట్టి రంగు. బ్లీచింగ్‌లోని క్లోరిన్ పైన్ నూనెతో చర్య జరిపి ఖర్చయిపోతుంది, రెండింట్లో ఏదీ మిగలదు. ఆ ఆయమ్మ తప్పేమీ లేదు. ఆమెకి కొలత పాత్ర ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ చెప్పలేదు. ఇంకో మాట, బ్లీచింగ్‌లో టాయిలెట్ ఆసిడ్ పొరపాటున కూడా కలపకండి. వచ్చేది క్లోరిన్ వాయువు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఆ ఒక మూత ఫినాయిల్ వల్ల ఇంకో నష్టం ఉంది. 1997లో బోస్టన్‌లో స్టూవర్ట్ లెవీ బృందం పైన్ నూనెకి తట్టుకుని బతికిన ఈ.కోలైని వేరు చేసి పరీక్షించింది. అవి టెట్రాసైక్లిన్, ఆంపిసిలిన్, క్లోరాంఫెనికాల్ లాంటి మందులకీ కొంత తట్టుకున్నాయి. నూనెని తోసేసే పంపే యాంటీబయాటిక్‌నీ తోసేస్తుంది, అదీ సంగతి. అందుకని చాలీచాలని మోతాదులో ఏ నూనె వాడినా, పైన్ అయినా వాము అయినా, చచ్చేవి చస్తాయి, బతికినవి రాటుదేలతాయి. ప్రకృతిలో పుట్టిన మందుకి నిరోధకత రాదు అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. ఈ పంపులు పుట్టిందే ప్రకృతిలో.

ఇన్ని అడ్డంకులుంటే ఈ నూనెల జోలికి ఎందుకు పోవాలి అని మీరు అడగొచ్చు. నేను పోతున్నది ఈ ముందు కూర్చున్న ఆయమ్మల కోసం. అమ్మా, మీ చేతులు ఒకసారి చూపిస్తారా? చూడండి పిల్లలూ, గోళ్ల మొదళ్ల దగ్గర చర్మం ఎలా చీలిపోయిందో. ఏళ్ల తరబడి బ్లీచింగ్ నీళ్లలో చేతులు పెట్టిన ఫలితం ఇది. కిటికీ లేని బాత్రూములో ఒక శాతం బ్లీచింగ్‌తో పనిచేస్తే కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. శుభ్రం చేసే పనివాళ్లలో ఉబ్బసం ఎక్కువని చాలా దేశాల్లో తేలింది. మన ఊరివాళ్లకి 2009 అక్టోబరు వరద గుర్తుండే ఉంటుంది. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చి వెనక్కి తగ్గాక, వీధి వీధికీ ఆ బ్లీచింగ్ ఘాటే. వరదప్పుడు అది తప్పదు. ప్రతి రోజూ, ప్రతి గదిలో, ప్రతి బల్లకీ అదే తప్పదా అన్నది నా ప్రశ్న. మంచం పట్టెలు, సెలైన్ స్టాండ్లు, ఓపీ బల్లలు, తలుపు పిడులు, ఇలాంటివాటికి చర్మాన్ని తక్కువ కాల్చే మందు దొరికితే, ఆ మందు నిజంగా పనిచేస్తే, వాడాలి.

అలాగని నూనెలు అమాయకమైనవి కావు. థైమాల్ పలుకులు చర్మాన్ని కాలుస్తాయి, పలచని ద్రావణమే చేతికి నయం. దాల్చిన నూనె చాలామందికి ఎలర్జీ తెస్తుంది. టీ ట్రీ నూనె, నిమ్మజాతి నూనెలు మూత తీసి ఉంచితే గాలి తగిలి పాడై, అప్పుడు ఎలర్జీ ఇంకా పెంచుతాయి. జామాయిల్ నూనె, కర్పూరం చిన్నపిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి. దేవుడి గది పక్కన పెట్టుకునే వస్తువే కదా అని పిల్లల చేతికందే చోట పెట్టకండి.

ఎక్కడ ఏది వాడాలన్నదానికి స్పాల్డింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చేసిన విభజన పిల్లలు చదివే ఉంటారు. శరీరంలోకి, రక్తంలోకి పోయే పరికరాలకి ఒత్తిడి ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవే గతి, నూనెల మాటే ఎత్తకూడదు. ఎండోస్కోప్ లాంటివి గ్లూటరాల్డిహైడ్ లాంటి బలమైన మందులకి వదిలేయండి. రక్తం ఒలికితే ఒక శాతం హైపోక్లోరైట్, కనీసం పది నిమిషాలు. కొత్త బ్లీచింగ్ పొడి అయితే లీటరుకి 30 గ్రాములు. నిన్న కలిపింది ఈరోజు వాడొద్దు. మూట విప్పి ఎండలో పెట్టిన పొడి నమ్మొద్దు, అందులో క్లోరిన్ పోయి సున్నమే మిగులుతుంది. చేతులకి ఆల్కహాల్ రబ్. ఇవన్నీ పోగా, చెక్కుచెదరని చర్మానికి మాత్రమే తగిలే వస్తువులు మిగులుతాయి. థైమాల్‌కి చోటుంటే అక్కడే. వార్డులో తుడవాల్సినవాటిలో లెక్కకి ఎక్కువ ఉండేవి కూడా అవే.

ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. క్వింటాలు వాము నుంచి నూనె మూడు కిలోలనుకోండి. అందులో సగం, అంటే కిలోన్నర థైమాల్. లీటరుకి రెండు గ్రాముల చొప్పున కలిపితే 750 లీటర్ల ద్రావణం. థైమాల్ నీటిలో లీటరుకి ఒక గ్రాము కూడా సరిగా కరగదు కాబట్టి తగిన సబ్బు తోడు కావాలి. ఏ సబ్బు అన్నదే సగం విద్య. తప్పు సబ్బు పెడితే థైమాల్ దాంట్లోనే దాక్కుని బ్యాక్టీరియా దాకా రాదు. ఇలాంటి పనికి మనకి దూరం పోవాల్సిన పని లేదు. అనంతపురం జేఎన్‌టీయూలో నూనెల మీద పరిశోధనకే ఒక సంస్థ ఉంది. మన చుట్టుపక్కల జిల్లాల్లో మెడికల్ కాలేజీల మైక్రోబయాలజీ విభాగాలున్నాయి, ఫార్మసీ కాలేజీలకి లోటు లేదు. నా కోరిక ఏమిటంటే, ప్రతి బ్యాచ్ నూనెనీ, అందులో ఏది ఎంతుందో విడదీసి చూపే గ్యాస్ క్రోమటోగ్రఫీలో చూసి థైమాల్ శాతం రాయాలి. నూనె తీసేసిన పిప్పి గింజని మంచి వాములో కలిపి అమ్మడం మన మార్కెట్లకి కొత్త కాదు, కాబట్టి ఈ మెట్టు దాటేయకూడదు. తర్వాత మన వార్డుల నుంచే తీసిన ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ, ఈ నాలుగింటినీ కడప బండ ముక్కల మీద, స్టీలు ముక్కల మీద, రెక్సిన్ ముక్కల మీద ఆరబెట్టాలి. కొన్నిటి మీద గొర్రె రక్తం కూడా కలపాలి. పక్కపక్కనే థైమాల్, హైపోక్లోరైట్, ఉత్త సబ్బునీళ్లు. మే నెలలో, ఫ్యాన్ వేసి. ఒక నిమిషానికి, అయిదు నిమిషాలకి, పది నిమిషాలకి లెక్కపెట్టాలి. సూడోమోనాస్ దగ్గర ఓడిపోతే ఓడిపోయిందనే రాయాలి. ఓడిన ఫలితం కూడా వార్డుకి పనికొచ్చే ఫలితమే.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక ఫార్మసీ విద్యార్థి: మేడమ్, వాము నూనెని ఫాగింగ్ చేసి గదంతా పట్టిస్తే బల్లలు తుడిచే శ్రమ తగ్గుతుంది కదా?)

తగ్గదు నాయనా. ఆవిరి ప్రయోగశాలలో చిన్న పెట్టెలో పనిచేస్తుంది. వార్డు గదిలో మంచం కింది వైపుకి, పట్టె మలుపుకి ఎంత చేరిందో ఎవరూ చెప్పలేరు. మురికి అలాగే ఉంటుంది. పైగా ఉబ్బసం ఉన్న రోగి ఆ గదిలో ఉంటే ఊపిరాడక ఇబ్బంది పడతాడు. గుడ్డతో తుడిచే శ్రమకి బదులు లేదు. ఆ గుడ్డ రాపిడే బ్యాక్టీరియాలో చాలాభాగాన్ని తీసేస్తుంది.

(ఒక స్టాఫ్ నర్సు: మేడమ్, నేను నవజాత శిశువుల యూనిట్‌లో పనిచేస్తాను. అక్కడ బ్లీచింగ్ ఘాటు వద్దని సువాసన మందు వాడమంటున్నారు. థైమాల్ వాడొచ్చా?)

మంచి ప్రశ్న అడిగారు సిస్టర్. వద్దు. థైమాల్ కూడా ఫినాల్ జాతిదే. ఫినాల్ మందులు సరిగా పలచన చేయకుండా శిశువుల వార్డుల్లో వాడినప్పుడు పిల్లల్లో కామెర్లు పెరిగిన ఉదంతాలు విదేశాల్లో నమోదయ్యాయి. అందుకే పాప పడుకుని ఉన్న ఇంక్యుబేటర్‌కి, ఉయ్యాలకి ఫినాల్ మందులు వాడొద్దని నియమం. ఇలాంటి చోట సువాసనతో మనకి పనే లేదు. పాపని మార్చాక, ఇంక్యుబేటర్ తయారుచేసినవాళ్లు చెప్పిన మందుతోనే తుడవండి, తర్వాత శుభ్రమైన నీళ్లతో తడిపిన గుడ్డతో ఇంకోసారి తుడిచి, పూర్తిగా ఆరాకే పాపని పడుకోబెట్టండి. ఆ సువాసన మందు డబ్బా మీ దగ్గర ఉంటే లేబుల్ ఫొటో తీసి తీసుకురండి. అందులో ఏముందో, ఎంతుందో మనిద్దరం కూర్చుని చదువుదాం.